పాబు తొడిగిన కాపరి: యానిమేషన్ పాత్ర కాళ్లకు బట్ట బూటు సిమ్యులేషన్, ఒక కేస్ స్టడీ

లద్దాఖ్ పశువుల కాపరి ప్రధాన పాత్రగా తయారైన ఒక చిన్న విద్యా యానిమేషన్ చిత్రంలో దుస్తుల సిమ్యులేషన్ (బట్ట కదలికను కంప్యూటర్‌తో లెక్క కట్టించడం) బాధ్యత నాది. ఆ పాత్ర ఒంటి మీద గొంచా అనే పొడవాటి ఉన్ని అంగీ, నడుముకు గుడ్డ కట్టు, కాళ్లకు పాబు ఉంటాయి. పాబు లద్దాఖ్‌లో సంప్రదాయంగా వేసుకునే బూటు. అడుగు తోలుతోనూ, పైభాగం మందపాటి ఉన్ని బట్టతోనూ ఉంటాయి. మా డిజైన్‌లో చీలమండ పైనుంచి పిక్క మీదుగా 30 సెంటీమీటర్ల ఎత్తున బట్ట గొట్టం లేస్తుంది. దానికి వెనుక వైపు నిలువు చీలిక ఉంటుంది. ఆ రెండు అంచులను ఒకదాని మీదికి ఒకటి లాగి మోకాలి కింద నేత పట్టీతో చుట్టి కడతారు. అంగీ కంటే ఎక్కువ శ్రమ ఈ గొట్టానికే పట్టింది. ఆ పని ఎలా కుదిరిందో, ఏ షాట్లలో కుదరలేదో ఇక్కడ వివరిస్తున్నాను.

దర్శకత్వ బృందం అడిగింది వినడానికి చిన్న విషయమే. నడుస్తున్నప్పుడు చీలమండ ముందు భాగంలో బట్ట ముడతలు పడాలి, కాలు వెనక్కి సాగినప్పుడు ఆ ముడతలు విచ్చుకోవాలి, పట్టీ కింద బట్ట కాస్త ఉబ్బుగా వేలాడాలి. తోలు బూటులా బిగుసుకుపోయినా, మేజోడులా కాలికి అంటుకుపోయినా ఒప్పుకోమని ముందే చెప్పారు. పని మొత్తం బ్లెండర్ అనే 3D సాఫ్ట్‌వేర్‌లో జరిగింది. పాత్ర ఎత్తు 1.7 మీటర్లు, వేగం సెకనుకు 24 ఫ్రేములు, నడకలు మోషన్ క్యాప్చర్ (నిజమైన మనిషి కదలికల రికార్డింగ్) నుంచి తీసుకుని చేత్తో సవరించినవి.

అంగీకి పనికొచ్చే పద్ధతి బూటుకు ఎందుకు పనికిరాదో ముందు చెప్పాలి. చొక్కా, పంచె, లంగా శరీరం మీద ఒక చోట ఆధారపడి మిగిలిన చోట వేలాడతాయి. వాటికి కదలడానికి ఖాళీ ఉంటుంది, తప్పు జరిగినా తర్వాతి ఫ్రేముల్లో సర్దుకునే అవకాశం ఉంటుంది. బూటు బట్టకు ఆ సౌకర్యం లేదు. లోపల కాలు, బయట అంగీ అంచు, కింద నేల, ఈ మూడింటి నడుమ కొద్ది మిల్లీమీటర్ల ఖాళీలో అది బతకాలి. పైగా నడకలో శరీరమంతటిలోకీ వేగంగా కదిలేది పాదమే. మామూలు నడకలో మనిషి సెకనుకు 1.3 నుంచి 1.4 మీటర్లు సాగుతాడు. కానీ పాదం నేల మీద ఆనినంతసేపు కదలదు కాబట్టి, ఆ వెనుకబాటును పూడ్చుకోవడానికి గాలిలో ఉన్న కొద్ది వ్యవధిలో సెకనుకు సుమారు 4 మీటర్ల వేగాన్ని అందుకుంటుంది. సెకనుకు 24 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకు దాదాపు 42 మిల్లీసెకన్లు. ఆ వ్యవధిలో పాదం 16, 17 సెంటీమీటర్లు జరిగిపోతుంది. బ్లెండర్‌లో బట్టను సిమ్యులేట్ చేసే క్లాత్‌లో క్వాలిటీ స్టెప్స్ (ఒక్కో ఫ్రేమును ఎన్ని దఫాలుగా లెక్కించాలో చెప్పే సంఖ్య) డిఫాల్ట్‌గా 5 ఉంటాయి, అంటే ఒక్కో స్టెప్పులో 3 సెంటీమీటర్లకు పైగా దూకుడు. బట్టకూ కాలికీ మధ్య మేము ఉంచిన ఖాళీ 3 మిల్లీమీటర్లు. ఖాళీకి పది రెట్లు దూకే వస్తువు నుంచి బట్ట తప్పించుకోలేదు. అది కాలి లోపలికి వెళ్లి అక్కడే చిక్కుకుంటుంది. స్టెప్స్ 15కి పెంచితే దూకుడు 1.1 సెంటీమీటర్లకు తగ్గుతుంది, అదీ ఖాళీ కంటే ఎక్కువే. అందువల్ల స్టెప్స్ పెంచడం ఒక్కటే పరిష్కారం కాదు. బట్ట కాలితో పాటే ప్రయాణించి, కాలికి సాపేక్షంగా మాత్రమే కొద్దిగా కదిలేలా చేయాలి.

ఈ పనిలో నా అభిప్రాయం స్పష్టంగా ఒకటే: బూటులో ఏ భాగాన్ని సిమ్యులేట్ చేయకూడదో ముందు తేల్చుకోవాలి, మిగిలిందే సిమ్యులేషన్‌కు వదలాలి. ఇది కొత్త ఆలోచన కాదు. 2002లో వచ్చిన పోజర్ 5 అనే 3D సాఫ్ట్‌వేర్‌లోని క్లాత్ రూమ్‌లోనే బట్ట మెష్‌ను (బిందువులు, ముఖాలతో అల్లిన 3D ఆకారాన్ని) డైనమిక్, కొరియోగ్రాఫ్డ్, కన్‌స్ట్రెయిన్డ్, సాఫ్ట్ డెకరేటెడ్, రిజిడ్ డెకరేటెడ్ అనే గుంపులుగా విడగొట్టే ఏర్పాటు ఉంది. గుండీల వంటి గట్టి భాగాలు చివరి గుంపులోకి వెళ్లేవి. 2017లో డాజ్ స్టూడియో 4.10 అనే మరో 3D సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన డీఫోర్స్ బట్ట సిమ్యులేషన్‌లో వెయిట్ మ్యాప్‌తో ఏ భాగం ఎంత స్వేచ్ఛగా కదలాలో చెప్పవచ్చు. బ్లెండర్‌లో ఆ పనిని పిన్ గ్రూప్ చేస్తుంది. పనిముట్టు ఏదైనా, బూటుకు గట్టి భాగం ముందు, బట్ట భాగం తర్వాత.

పాబును మూడు మండలాలుగా విడగొట్టాము. అడుగు, వేళ్ల మీద కప్పు, మడమ పూర్తిగా రిగ్‌కే (పాత్రను కదిలించే ఎముకల చట్రానికే) కట్టుబడి ఉంటాయి. వాటి పిన్ వెయిట్ 1. వేళ్ల దగ్గర బూటు వంగినప్పుడు కప్పు మీద పడే అడ్డ ముడతలు సిమ్యులేషన్ నుంచి రావు. వేలి బోన్ తిరిగే కోణాన్ని బట్టి పనిచేసే కరెక్టివ్ షేప్ కీ (ముందే మలిచి ఉంచే దిద్దుబాటు ఆకారం) ఒకటి శిల్పించి పెట్టాము. ఎప్పుడూ ఒకే చోట, ఒకే తీరులో పడే ముడతను ప్రతి ఫ్రేములో లెక్క కట్టించడం దండగ. రెండో మండలం చీలమండకూ పట్టీకీ మధ్యనున్న గొట్టం. నిజమైన సిమ్యులేషన్ అంతా ఇక్కడే జరుగుతుంది. మూడోది పట్టీ, దాని పైన మిగిలే అంచు.

తర్వాత వచ్చేది లోపలి కాలు. పాత్ర శరీరపు మెష్‌నే కొలైడర్‌గా (బట్ట తగిలి ఆగే అడ్డుగా) వాడడం చాలామంది చేసే పని, బూటు విషయంలో అదే మొదటి అడ్డంకి. అయిదు వేళ్లు, వాటి సందులు, గోళ్లు, చీలమండ ఎముకల ఉబ్బు, వీటిలో ఏదీ బయటికి కనబడదు, అన్నీ బట్టను పట్టి లాగుతాయి. చెప్పులు కుట్టేవారు పాదం మీద కుట్టరు, చెక్క అచ్చు మీద కుట్టుకుంటారు; ఆ అచ్చుకు వేళ్లు ఉండవు. మేమూ పాదానికి బదులు అలాంటి నున్నని అచ్చునే తయారు చేసి, పిక్క దాకా పొడిగించి, అదే రిగ్‌కు అవే వెయిట్లతో కట్టాము. వెర్టెక్స్‌లు (మెష్ బిందువులు) తక్కువ, సబ్‌డివిజన్ (ముఖాలను ఇంకా చిన్నవిగా విడగొట్టడం) లేదు. శరీరం నుంచి కొలిజన్ ఫిజిక్స్ తీసేసి, బూటు క్లాత్ సెట్టింగుల్లోని కొలిజన్ కలెక్షన్‌లో ఈ అచ్చును మాత్రమే ఉంచాము. రెండర్‌లో (తుది చిత్రంలో) అసలు పాదం దాచి ఉంటుంది కాబట్టి అది బట్టలోంచి పొడుచుకొస్తుందన్న బెంగ లేదు.

అచ్చులో ఎక్కువ ఆలోచన పెట్టవలసిన చోటు చీలమండ ముందు భాగం. నడకలో అడుగు నేల మీద ఉండి శరీరం దాని మీదుగా ముందుకు సాగేటప్పుడు, చీలమండ సుమారు 10 డిగ్రీలు పైకి మడుస్తుంది. పాదం నేలను వదిలే వేళకు దాదాపు 20 డిగ్రీలు కిందికి చాస్తుంది. మెట్లెక్కడం, గొంతుకూర్చోవడం వంటి షాట్లలో పైకి మడిచే కోణం ఇంకా పెరుగుతుంది. అప్పుడు కాలి ముందు ఎముక, పాదపు పైభాగం దగ్గరపడి, వాటి సందులో బట్ట రెండు వైపుల నుంచీ నొక్కుకుపోతుంది. ఒక ముఖం బట్టను బయటికి తోస్తే ఎదురుగా ఉన్న ముఖం మళ్లీ లోపలికి తోస్తుంది. సాల్వర్‌కు (సిమ్యులేషన్ లెక్క కట్టే ప్రోగ్రాముకు) ఏ వైపు పంపాలో తేలక ఆ వెర్టెక్స్‌లు ఫ్రేముకొక దిక్కున ఎగిరిపడతాయి. దీనికి కొలిజన్ క్వాలిటీ పెంచడం వల్ల ఉపయోగం చాలా తక్కువ. అచ్చునే ఆ చోట లోపలికి తొలిచాము. ఎంత మడిచినా రెండు ముఖాల మధ్య కనీసం 8 మిల్లీమీటర్లు, అంటే రెండు వైపులా కొలిజన్ దూరాలు పోను ఒక మడత పట్టేంత ఖాళీ మిగిలేలా, చీలమండ బోన్ కోణాన్ని బట్టి తొలుపు లోతు పెరిగే మరో షేప్ కీ పెట్టాము. శరీర నిర్మాణం ప్రకారం అది తప్పు ఆకారమే. బయట పడే ముడత మాత్రం సరిగ్గా వచ్చింది, మాకు కావలసింది ముడతే.

సిమ్యులేషన్‌కు వాడిన మెష్, రెండర్‌కు వాడిన మెష్ వేర్వేరు. మొదటిది ఒకే పొర, చతురస్రాకారపు ముఖాలు, అంచు పొడవు సుమారు 8 మిల్లీమీటర్లు. గొట్టం చుట్టుకొలత 40 సెంటీమీటర్లు, ఎత్తు 30 సెంటీమీటర్లు కాబట్టి దాదాపు 1,900 వెర్టెక్స్‌లు వస్తాయి. బట్ట మందం, కుట్లు, నేత గీతలు ఉన్న రెండర్ మెష్‌ను సర్ఫేస్ డిఫార్మ్ మాడిఫయర్‌తో (ఒక మెష్ కదలికను ఇంకో మెష్ అనుసరించేలా చేసే సాధనంతో) దీనికి బిగించాము. ఆ మాడిఫయర్‌కు ఒక పట్టింపు ఉంది: బైండ్ చేసిన తర్వాత లక్ష్యంగా ఉన్న మెష్‌లో ముఖాల సంఖ్య మారకూడదు. అందువల్ల సాలిడిఫై (మందం ఇచ్చేది), సబ్‌డివిజన్ రెండూ రెండర్ మెష్ మీదే ఉంచి, సిమ్యులేషన్ మెష్ మీద ఆర్మేచర్ (రిగ్ కదలికను మెష్‌కు అందించేది), దాని తర్వాత క్లాత్ మాత్రమే ఉంచాము.

బరువు గురించి ఒక మాట. బ్లెండర్‌లో బరువును చదరపు మీటరుకు కాక వెర్టెక్స్‌కు ఇంత అని ఇస్తారు, డిఫాల్ట్ 0.3 కిలోలు. మా గొట్టానికి దాన్ని అలాగే ఉంచితే ఒక్కో పాబు 570 కిలోలు తూగుతుంది! అయినా సిమ్యులేషన్ నడుస్తుంది, ఎందుకంటే అక్కడ ఫలితాన్ని నిర్ణయించేది విడి బరువు కాదు, బరువుకూ బిగువుకూ ఉన్న నిష్పత్తి. దీని వల్ల ఆచరణలో వచ్చే చిక్కు వేరు: మెష్‌ను సన్నం చేసిన ప్రతిసారీ మొత్తం బరువు పెరిగి, అంతకుముందు కుదిరిన బట్ట స్వభావం మారిపోతుంది. అందుకని ముందే అంచు పొడవు ఖాయం చేసుకుని, తర్వాతే బిగువులు దిద్దుకోవడం మంచిది. బ్లెండర్ ఇచ్చే ప్రీసెట్లలో ఉన్ని లేదు. డెనిమ్‌తో మొదలుపెట్టి వంపు బిగువును పెంచుకుంటూ, తోలు ప్రీసెట్ స్థాయికి బాగా ఇవతలే ఆగాము. మందపాటి ఉన్ని సన్నని ముడతలు పడదు. కొద్ది సంఖ్యలో, వెడల్పుగా, మొద్దుగా పడుతుంది. లాగుడు బిగువు కంటే ఈ వంపు బిగువే బట్ట రకాన్ని కంటికి చెబుతుంది.

బట్ట తనకు సహజమని భావించే ఆకారం కూడా ముఖ్యమే. క్లాత్‌లోని డైనమిక్ మెష్ అనే ఎంపికను ఆన్ చేస్తే, ఆర్మేచర్ మెష్‌ను మడిచిన ప్రతిసారీ అంచుల సహజ పొడవులు కూడా కొత్తగా లెక్కకు వస్తాయి. చూడడానికి సిమ్యులేషన్ నెమ్మదిగా, చక్కగా ఉంటుంది, అదరడం తగ్గుతుంది. కానీ చీలమండ మడిచినప్పుడు ఆర్మేచర్ అక్కడి ముఖాలను కుదిస్తే, సహజ పొడవు కూడా అంతే తగ్గిపోతుంది, ఇక ముడత పడవలసిన అదనపు బట్ట ఎక్కడా మిగలదు. మేము దాన్ని ఆఫ్‌లోనే ఉంచాము. పైగా గొట్టాన్ని కాలికి కావలసిన దానికంటే 3 సెంటీమీటర్లు పొడవుగా నమూనా చేసి, మొదటి ఫ్రేముల్లో పట్టీ ఉన్న వలయాన్ని అంత మేర కిందికి దించాము. ఆ అదనపు బట్టే ఉబ్బుగా, ముడతలుగా మారింది.

పిన్ వెయిట్ 1 నుంచి 0కి దిగే చోటును ఎలా గీయాలన్నది కంటికి వెంటనే కనబడే విషయం. ఒకే వరుసలో ఠక్కున దింపితే అక్కడ కత్తితో గీసినట్టు గీత పడుతుంది. మేము చీలమండ ఎముకకు కింద మొదలుపెట్టి 4 సెంటీమీటర్ల మేర క్రమంగా దింపాము; ముందు వైపు త్వరగా, వెనుక మడమ నరం మీద నెమ్మదిగా. ముందు ముడతకు చోటు కావాలి, వెనుక బట్ట సాగి నునుపుగా ఉండాలి కాబట్టి ఈ తేడా. బ్లెండర్‌లో 1 కంటే తక్కువ వెయిట్ ఉన్న వెర్టెక్స్‌లను రిగ్ స్థానం వైపు లాగే స్ప్రింగులుగా లెక్కిస్తారు, వాటి బలం పిన్ స్టిఫ్‌నెస్ మీద ఆధారపడుతుంది. కాబట్టి సగం వెయిట్ ఉన్న చోట బట్ట కదులుతుంది కానీ ఎక్కువ దూరం పోదు.

పట్టీని పిక్క బోన్‌కు నేరుగా పేరెంట్ చేస్తే (తగిలిస్తే) పట్టీ కదలక, దాని కింద బట్ట జారుతూ కనబడుతుంది. ఘర్షణ విలువ ఎంత పెంచినా నిజమైన పట్టీ పట్టినట్టు పట్టదు. అందుకే పట్టీ కూర్చునే వలయానికి 0.9 దగ్గర పిన్ వెయిట్ ఇచ్చి, పట్టీని, దాని కుచ్చులను బట్ట మెష్‌కే సర్ఫేస్ డిఫార్మ్‌తో కట్టాము. ఇప్పుడు పట్టీ బట్టతో పాటు రవంత ఊగుతుంది, ఎన్నడూ బట్టలోకి మునగదు. కుచ్చుల కొసలకు వేరే చిన్న సిమ్యులేషన్ పెట్టమని సూచన వచ్చింది. తెర మీద అవి వేలి గోరంత కూడా లేవు కాబట్టి నేను ఒప్పుకోలేదు.

వెనుక చీలిక దగ్గర రెండు పొరలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. దాన్ని నిజాయితీగా చేయాలంటే సెల్ఫ్ కొలిజన్ (బట్ట తనకు తానే తగలడాన్ని లెక్కించడం) కావాలి, దాని దూరం అంచు పొడవులో సగానికి తక్కువగా, మా లెక్కన 3 మిల్లీమీటర్ల లోపు ఉండాలి, బేక్ (సిమ్యులేషన్‌ను లెక్కించి భద్రపరచడం) సమయం బాగా పెరుగుతుంది. నడక షాట్లలో ఆ చీలికను మూసేసి, మడత ఉన్నట్టు ఆకారంలోనే మలిచాము. కాపరి ఉదయాన్నే పాబు తొడుక్కుని పట్టీ చుట్టుకునే దగ్గరి షాట్ ఒక్కదానికే తెరిచిన చీలికతో వేరే మెష్ వాడాము.

నేల విషయం త్వరగా ముగించవచ్చు. యానిమేషన్‌లో పాదం నేలలోకి రెండు మూడు మిల్లీమీటర్లు దిగడం మామూలే, ఎవరూ గుర్తించరు. నేల కూడా కొలైడర్ అయితే మాత్రం పిన్ చేసిన అడుగును రిగ్ కిందికి, నేల పైకి తోస్తాయి, ఆ పోరు పై బట్ట దాకా పాకుతుంది. బూటు కొలిజన్ కలెక్షన్‌లో నేల ఉండనవసరం లేదు.

మోషన్ క్యాప్చర్ డేటాలోని సన్నని వణుకు దుస్తుల విభాగానికి మాత్రమే కనబడే జబ్బు. ఖాళీ కాలి మీద అది తెలియదు. కాలికి కట్టిన బట్ట దాన్ని ప్రతి ఫ్రేములో అందుకుని చలికి వణికినట్టు చూపిస్తుంది. నడకను శాస్త్రీయంగా అధ్యయనం చేసేవారు కదలికల డేటాను 6 హెర్ట్జ్ దగ్గర లో పాస్ ఫిల్టర్‌తో (అంతకంటే వేగవంతమైన వణుకును తీసేసే జల్లెడతో) వడకట్టడం పరిపాటి. మేము చీలమండ, మోకాలి వక్రరేఖలకు దాదాపు అదే స్థాయిలో నునుపు పట్టించాము, కానీ మడమ నేలను తాకే ఫ్రేములను వదిలేశాము. అక్కడి కుదుపును కూడా నునుపు చేస్తే నడకలో బరువు పోతుంది.

ప్రతి షాట్ సిమ్యులేషన్ రిగ్ బైండ్ పోజులోనే, అంటే బట్ట ఎక్కడా కాలిని తాకని స్థితిలో మొదలవుతుంది. అసలు షాట్‌కు ముందు ఒక సెకనుకు పైగా ఫ్రేములు చేర్చి, కాళ్లను బైండ్ పోజు నుంచి మొదటి పోజుకు నెమ్మదిగా తెచ్చి, ఆ చివర కొన్ని ఫ్రేములు కదలకుండా నిలిపాము. బూటు బేక్ ముగిశాక అదే గొంచాకు కొలైడర్ అవుతుంది. అంగీ అంచు బూటు మీద తగిలి జరుగుతుంది. బూటు మాత్రం అంగీ బరువుకు నొక్కుకోదు. రెండింటినీ ఒకేసారి లెక్కించి ఉంటే నొక్కుకునేదే, కానీ ప్రేక్షకుడి కంటికి ఆ తేడా ఆనేంత దగ్గరికి కెమెరా వెళ్లలేదు.

తప్పిపోయిన మేకపిల్ల వెంట కాపరి పరుగెత్తే షాట్‌కు ఈ ఏర్పాట్లన్నీ చాలలేదు. బ్లెండర్ ఒక ఫ్రేముకూ తర్వాతి ఫ్రేముకూ మధ్య కొలైడర్‌ను, పిన్ చేసిన వెర్టెక్స్‌లను సరళరేఖ మీద జరుపుతుంది. మోకాలు నుంచి చీలమండ దాకా 40 సెంటీమీటర్ల కాలు ఒక ఫ్రేములో 17 డిగ్రీలు తిరిగితే, చాపం మీద వెళ్లవలసిన చీలమండ జ్యా మీదుగా వెళ్లి, సగం దారిలో మోకాలి వైపు సుమారు 4 మిల్లీమీటర్లు దగ్గరవుతుంది. పరుగులో ఆ కోణం ఇంకా ఎక్కువ. కాలు ప్రతి ఫ్రేములో కొంత కుంచించుకుని మళ్లీ సాగుతున్నట్టు లెక్క, గొట్టం మీద అది సన్నని అలల్లా కనబడింది. స్టెప్స్ ఎన్ని పెంచినా ఇది పోదు, ఎందుకంటే అదనపు స్టెప్పులన్నీ ఆ సరళరేఖ మీదే పడతాయి. ఆ షాట్ యానిమేషన్‌ను కాలంలో 4 రెట్లు సాగదీసి, క్లాత్‌లోని స్పీడ్ మల్టిప్లయర్‌ను 0.25కి తగ్గించి, బేక్ చేసిన ఫలితాన్ని ఫైల్‌గా రాసి తిరిగి అసలు వేగానికి కుదించాము. చాపం ఇప్పుడు నాలుగు చిన్న ముక్కలుగా తెగింది. సగం దారిలోని లోటు ముక్క పొడవు వర్గాన్ని బట్టి తగ్గుతుంది కాబట్టి 4 మిల్లీమీటర్లు పావు మిల్లీమీటరుకు పడిపోయింది. అలలు పోయాయి.

కాపరి మోకాళ్ల మీద కూర్చుని మేకపిల్లను ఒడిలోకి తీసుకునే షాట్‌లో సిమ్యులేషన్‌ను వదులుకున్నాము. పిక్క మీద తొడ పూర్తిగా ఆనుతుంది, పట్టీ మోకాలి మడతలో ఇరుక్కుంటుంది, పాదం వెనక్కి చాచి నేలకు పరచుకుంటుంది. బట్టకు ఖాళీ అనేదే లేదు, అచ్చును ఎక్కడ తొలిచినా ఇంకో చోట గుచ్చుకుంది. కూర్చోవడం మొదలయ్యే దాకా బేక్ చేసిన గొట్టాన్నే ఉంచి, అక్కడి నుంచి చేత్తో శిల్పించిన మూడు ఆకారాల మధ్య మార్చుకుంటూ వెళ్లాము. ఒడిలోని మేకపిల్ల మీద చూపు ఉన్నంతసేపు ఆ మార్పు ఎవరికీ పట్టదని ఎడిటర్ అన్నారు, సమీక్షలో ఎవరూ దాని ప్రస్తావన తేలేదు. దూరపు షాట్లలో సిమ్యులేషన్ అసలు పెట్టలేదు. పాత్ర తెర ఎత్తులో ఆరో వంతు కంటే చిన్నగా ఉంటే రిగ్, కరెక్టివ్ షేప్ కీలు మాత్రమే పనిచేస్తాయి.

లైటింగ్ విభాగానికి రెండర్ మెష్‌ను, పట్టీని అలెంబిక్ (కదిలే ఆకారాలను భద్రపరిచే ఫార్మాట్) ఫైళ్లుగా అందించాము. అచ్చు, సిమ్యులేషన్ మెష్, పిన్ గ్రూప్ మాత్రం పాత్ర ఫైల్‌లోనే వేరే కలెక్షన్‌లో ఉన్నాయి. రెండో భాగంలో ఇదే కాపరి మంచులో నడుస్తాడు. గొట్టం సగం దాకా మంచులో దిగినప్పుడు బయటి నుంచి కూడా నొక్కిడి మొదలవుతుంది. అప్పుడు పిన్ మండలాన్ని మంచు మట్టం దాకా పైకి జరపాలన్నది ప్రస్తుతానికి నా ఉద్దేశం.